రెండు సెకన్ల గుట్ట

మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్, కోదాడ మీదుగా సూర్యాపేట దాకా రెండు రోజులు కారులో తిరిగి వచ్చాను. ఏం చూశావని అడిగిన వాళ్లందరికీ ఒకటే చెప్తున్నాను: ఎత్తులు చూశాను. నవ్వితే నవ్వండి. మా వైపు నేల పళ్లెంలా ఉంటుంది. వరిమళ్లు, కాలువలు, మిల్లు గొట్టాలు. అలాంటి చోట రోడ్డు ఎక్కడ లేస్తుందో, ఎంత లేస్తుందో బస్సులో పోయేవాళ్లకు తెలియదు. కారు నడుపుతూ, అదీ ఒక పుస్తకం చదివి నడుపుతూ పోయినదాన్ని కాబట్టి నాకు తెలిసింది.

మిర్యాలగూడ: వంతెన

నేను దర్జీ పని చేస్తాను. బడి పదో తరగతితో ఆగింది కానీ చదువు ఆగలేదు. సాయంత్రం మిషన్ మూసి గ్రంథాలయానికి పోవడం ఇరవై ఏళ్ల అలవాటు. అక్కడ పేపర్లు అయ్యాక కథలు, కథలు అయ్యాక వ్యవసాయం, వైద్యం, విద్యుత్తు, ఏది దొరికితే అది చదివాను. నేనూ మా ఆయనా కలిసి పోయిన ఏడు సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు, దాని అరలో ఆ కారు వాడకం గురించిన ఇంగ్లిష్ పుస్తకం ఒకటి, ప్లాస్టిక్ సంచి కూడా చింపనిది, దొరికింది. మొదటి యజమాని దాన్ని తెరవలేదు. నేను దాన్ని గ్రంథాలయానికి తీసుకుపోయి, నిఘంటువు పక్కన పెట్టుకొని, రెండు నెలల్లో పూర్తి చేశాను.

అప్పటికి నాకు లైసెన్సు ఉంది, ధైర్యం లేదు. కారణం మా ఊరి రైలు వంతెన. ఎత్తు మధ్యలో ముందు బండి ఆగితే మనమూ ఆగాలి. మళ్లీ కదలాలంటే బ్రేకు మీది కాలు తీసి ఎక్సలేటర్ మీద పెట్టాలి. ఆ కాస్త సందులో బండి వెనక్కి జారుతుంది. వెనక ధాన్యం లారీ హారన్ కొడుతూ ఉంటుంది. గేర్లు చేత్తో మార్చే బండి నడిపేవాళ్లలో ఈ భయం తెలియనివాళ్లు ఉండరు. నేనైతే రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోయేదాన్ని.

పుస్తకంలో నూట నలభయ్యో పేజీ దాటాక ఈ భయానికి మందు దొరికింది. హిల్ అసిస్ట్ అని ఒక ఏర్పాటు మా కారులో ముందు నుంచే ఉందట. ఎత్తు మీద గట్టిగా బ్రేకు తొక్కి ఆపి, క్లచ్ తొక్కి, మొదటి గేరు వేసి, బ్రేకు వదిలినా బండి వెంటనే జారదు. బ్రేకుల పట్టు ఇంకో రెండు సెకన్లు అలాగే ఉంటుంది. ఆలోగా క్లచ్ మెల్లగా వదిలి ఎక్సలేటర్ ఇస్తే బండి ముందుకే పోతుంది. రెండు సెకన్లంటే సూదిలో దారం ఎక్కించేంత సేపు కూడా కాదు. కానీ కాలు మార్చుకోవడానికి చాలు. ఒక ఆదివారం మా ఆయన పనిచేసే మిల్లులో, లారీలు కాంటా ఎక్కే వాలు మీద మళ్లీ మళ్లీ చేసి చూశాను. ఆ తర్వాత వంతెన ఎక్కాను. అది చుట్టుపక్కల వాళ్లందరికీ చెప్పుకున్నాను కూడా.

అది కోదాడలో ఉన్న మా యాదమ్మక్క దాకా చేరింది. ఆమె ఫోన్ చేసింది.

"సువర్ణా, నువ్వు గడ్డలు గూడ ఎక్కిస్తున్నవంట గద. మమ్ముల గుట్టకు తీస్కపోతవా? మీ బావ రెండేండ్ల సంది పోలే. కాయ మాత్రం నువ్వే కొట్టాలె. ఆయన కొట్టనంటుండు."

మా బావ సైదులు ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. కోదాడ డ్రైవర్లకు ఒక పట్టింపు ఉంది. ఏడాదికోసారి చివ్వెంల దగ్గర ఒక గుట్ట మీది గుడికి బండి ఎక్కించి కొబ్బరికాయ కొడతారు. గుట్ట మీదికి బండి ఎవరు ఎక్కిస్తే కాయ వాళ్లే కొట్టాలి. యజమాని పక్కన కూర్చున్నా సరే, కాయ డ్రైవర్‌దే. మూడేళ్ల కింద బావ లోడు మీద తాడు బిగిస్తూ పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. లోపల ప్లేటు వేశారు. బండి నడుపుకోవచ్చు, గేరు వేసుకోవచ్చు, బరువు మాత్రం లాగొద్దు అన్నాడు డాక్టర్. కానీ హ్యాండ్ బ్రేకు లాగడం అంటే బరువు లాగడమే. ఒకసారి ఎవరిదో కారు నడుపుతూ ఎత్తు మీద హ్యాండ్ బ్రేకు లాగలేక బండి జారి వెనక ఆటోకు తగిలింది. ఎవరికీ ఏం కాలేదు. ఆ రోజు నుంచి ఆయన తాళంచెవి ముట్టలేదు.

నేను అక్కకు సరే అన్నాను. మనసులో మాత్రం ఇంకోటి అనుకున్నాను. కాయ బావే కొట్టాలి. ఆయనకు కావలసింది ధైర్యం కాదు, రెండు సెకన్లు. అవి నా కారులో ఉన్నాయి.

హుజూర్‌నగర్: దోసకాయలు

పొద్దున ఏడింటికి బయలుదేరాను. హుజూర్‌నగర్‌లో బజ్జీలకు ఆగాను. ప్లేటు ముప్పై రూపాయలు. మా దగ్గర మిరపకాయ బజ్జీలో వాము పెడతారు, ఇక్కడ చింతపండు గుజ్జు పెట్టి పైన ఉల్లిపాయ చల్లారు. మా బజ్జీ మీది అభిమానం అక్కడ కొంచెం తగ్గింది.

తిరిగి కారు తీసేటప్పుడు మార్కెట్ వీధిలో చిన్న ఏటవాలు ఉంది. బ్రేకు వదిలి, పుస్తకాన్ని నమ్మి, తొందర లేకుండా ఎక్సలేటర్ వైపు కాలు జరిపాను. కారు జానెడు వెనక్కి జారింది. వెనక దోసకాయల బుట్ట ఒకటి ఒరిగింది.

"ఓ బిడ్డా, ఎనక మనుషులున్నరు. జర సూస్కో," అంది ఆ దోసకాయలమ్మ, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే.

దిగి కాయలు ఏరి పెడుతూ, "ఇది ఎత్తు మీద దానంతట అదే ఆగే బండి అమ్మా," అన్నాను.

"మరి ఆగలేదేంది?"

"ఎత్తు సాలలే."

"నా బుట్ట పడ్డదంటే ఎత్తు సాలినట్టే గద బిడ్డా."

ఆమె మాట నిజం. పుస్తకం మాట కూడా నిజం. ఎత్తు కొంతకు మించితేనే ఈ ఏర్పాటు పనిచేస్తుందని అందులో ఒక వాక్యం ఉంది. చదివాను, కింద గీత గీయలేదు. దోసకాయలు అక్కడ తూకం వేయరు, కుప్పగా అమ్ముతారు. రెండు కుప్పలు తీసుకున్నాను. ఆమె ఇంకో కాయ మీద వేసి, "ఈసారి గట్టి గడ్డ సూసి ఎక్కు," అంది.

చిలుకూరు: కాలువ కట్ట

గట్టి గడ్డ చిలుకూరు దగ్గరే దొరికింది. రోడ్డు కాలువ మీద చిన్న వంతెన ఎక్కే చోట, వడ్ల బస్తాలతో ఒక ట్రాక్టర్ నా ముందు నిలిచిపోయింది. ట్రాలీ మీద కూర్చున్న ఆవిడ ట్రాక్టర్ ఆగాక మెల్లగా దిగి, చేతిలోని రాయి చక్రం వెనక పెట్టింది. నడిపే ఆయన ఆమె భర్త. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. ఎదురుగా వచ్చే బస్సు పోయేదాకా ఆగాలి కాబట్టి ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఒక్కదానివే నడుపుతున్నవా? మరి నీ బండికి రాయి ఎవరు పెడ్తరు?"

"రాయి అక్కర్లేదక్కా. ఇదే ఆగుతది, రెండు సెకన్లు."

"రెండు సెకన్లా?" ఆమె భర్త వైపు తిరిగింది. "ఇన్నవా? నేను ట్రాలీ దిగేతందుకే అంతకన్న ఎక్కువైతది."

"ఇరవై ఏండ్ల సంది దిగుతున్నవ్, ఇంకా తొందర రాకపాయె," అన్నాడాయన.

"తొందరగ దిగితె కాలిరుగుతది. అప్పుడు నీకు రాయెవరు పెడ్తరు?"

బస్సు పోయింది. ట్రాక్టర్ పొగ వదిలి కదిలింది. ఆవిడ రాయి తీసుకొని నడుస్తూ కట్ట ఎక్కింది, కానీ ట్రాలీ ఎక్కలేదు. నా కోసం ఆగింది. బ్రేకు వదిలాను. ఒకటి అనుకున్నాను. బండి రాయిలా నిలబడింది. రెండు అనుకునే లోపు క్లచ్ పట్టింది, కారు మెల్లగా కట్ట ఎక్కింది. ఆమె చూసిన చూపు నేను కుట్టిన ఏ జాకెట్టుకూ దక్కలేదు.

"మా ఆయనకు సెప్త," అంది. "ట్రాక్టర్‌కు గిట్లాంటిది పెట్టిచ్చుకొని, నన్ను ఇంట్ల కూసోబెట్టమని."

కోదాడ: బావ రాయి

కోదాడలో మాట మారుతుంది. మా దగ్గర యాడికెల్లి వస్తున్నరు అనేది ఇక్కడ సగంమంది ఎక్కడి నుంచి వస్తున్నారండీ అంటారు. మర్నాడు పొద్దున బావ నన్ను టిఫిన్‌కు తీసుకుపోయిన హోటల్లో అల్లం చట్నీ పెట్టారు. మా ఊళ్లో పల్లీ చట్నీ లేకుండా ఇడ్లీ గొంతు దిగదు. వడ్డించే ఆయన మర్యాదగా, "కారప్పొడి వేయమంటారాండీ?" అన్నాడు.

"గీడ అండి అండి అని వడ్డిస్తరు మర్దలా," అన్నాడు బావ. "నలభై రూపాయలు మాత్రం నలభై రూపాయలే."

ముందు రోజు సాయంత్రం అక్క చేసిన చేపల పులుసు తింటూ నేను బావకు హిల్ అసిస్ట్ గురించి మొత్తం చెప్పాను. బ్రేకు నూనె ఎలా నిలుస్తుందో, బండి వాలును ఎలా కనిపెడుతుందో, గ్రంథాలయంలో నేను కాగితం మీద గీసుకున్న బొమ్మతో సహా. ఆయన ముల్లు తీసుకుంటూ విన్నాడు.

"మర్దలా, ముప్పై ఏండ్లు లోడు బండిని హ్యాండ్ బ్రేకు మీదనే ఎత్తుకున్న. చెయ్యి లాగుతది, అప్పుడు కాలు కదుల్తది. ఇప్పుడు చెయ్యి లాగదు. చెయ్యి లాగకపోతే కాలు కదలది. నీ పుస్తకంల దానికేమన్న రాసిండ్రా?"

"అదే రాసిండ్రు బావా. చెయ్యి పని బండే చేస్తది."

"చెయ్యి లాగకుంట బండిని నమ్మినోడు ఆటోకు గుద్దిండు ఒకపారి," అని అన్నం కలుపుకున్నాడు. ఆ ఒకడు తనే.

పొద్దున బయలుదేరేటప్పుడు ఆయన వాకిట్లోంచి ఒక నల్లరాయి తెచ్చాడు. లారీ రోజుల నాటిది. ఒక పక్క చక్రాల కింద నలిగి నున్నగా అయ్యింది. డిక్కీ తెరవబోతే అడ్డం వచ్చాడు.

"డిక్కీల కాదు. మీ అక్క కాళ్ల కాడ. దిగి పెట్టాలె గద."

"నా బండిలో రాయి అక్కర్లేదు బావా."

"నీ బండికి అక్కర్లేదు. నా పాణానికి కావాలె."

చివ్వెంల: గుట్ట

పెద్ద రోడ్డు మీద కోదాడ నుంచి చివ్వెంల దాకా చెప్పుకోవడానికి ఏం లేదు. గుట్ట కింద కొబ్బరికాయల దుకాణం ఒకటి, పైన గుడి దగ్గర ఇంకొకటి ఉన్నాయి. కాయ పైనే కొనాలట. బండి ఎక్కకముందే కాయ కొంటే తొందరపాటు అంటారు.

దారి సన్నని సిమెంటు రోడ్డు. మెల్లగా మొదలై, మొదటి మలుపు తిరగగానే నిటారుగా లేస్తుంది. నేను నడుపుతున్నాను. బావ పక్క సీట్లో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. వెనక అక్క, రాయి. మలుపు దాటాక జనంతో నిండిన ఆటో ఒకటి ముందు ఆగిపోయింది. అది ఎత్తు లాగలేకపోతే డ్రైవర్ నలుగురిని దింపుతున్నాడు.

నేను ఆగాను. ఇంతకంటే మంచి చోటు దొరకదనిపించింది. ఎత్తు ఉంది, వెనక బండ్లు లేవు, చూడాల్సిన మనిషి పక్కనే ఉన్నాడు. క్లచ్ తొక్కి, మొదటి గేరు వేసి, బ్రేకు మీది నుంచి కాలు తీశాను.

"చూడు బావా. కాలు తీసిన. నా కాలు ఎక్కడా లేదు. అయినా ఆగింది, చూసినవా? ఇప్పుడు లోపల ఏమైతదంటే..."

లోపల ఏమవుతుందో చెప్పే లోపు కారు వెనక్కి జారింది.

"బ్రేకు," అన్నాడు బావ. అరవలేదు. తొక్కాను. రెండు మూరలు జారి ఆగాం. అక్క అప్పటికే దిగింది. రాయి చక్రం కింద పెట్టిన చప్పుడు నాకు సీటు కింద వినిపించింది.

చెవులు మండాయి. రెండు నెలలు నిఘంటువుతో కుస్తీ పట్టి, రెండు సెకన్లని నేనే పదిసార్లు చెప్పి, ఆ రెండు సెకన్లలో ఉపన్యాసం మొదలుపెట్టింది నేనే. బావ ఇక ఈ జన్మలో నా కారు ముట్టడనుకున్నాను.

బావ రోడ్డునే చూస్తున్నాడు.

"రెండు సెకన్లంటివి. ముచ్చట ఎంత సేపు పెట్టినవ్?"

"తప్పయింది బావా."

"తప్పు సంగతి కాదు. నువ్వు మాట్లాడుతుంటె గూడ ఆగింది. 'చూసినవా' దాక ఆగింది. నేను సూసిన." తన కుడి కాలు లేపి, అక్కడ లేని బ్రేకు మీది నుంచి లేని ఎక్సలేటర్ మీదికి జరిపాడు. "నాకు అంత సేపు అక్కర్లే. దిగు."

కోపమేమో అనుకున్నాను. ఆయన తలుపు తీసుకొని ముందు నుంచి తిరిగి వస్తుంటే గాని అర్థం కాలేదు. నేను హ్యాండ్ బ్రేకు లాగి దిగాను. నేను అటు తిరిగి పక్క సీట్లోకి చేరాను, ఆయన ఇటు కూర్చొని సీటు వెనక్కి జరిపాడు. చెప్పులు విప్పి సీటు కిందికి తోశాడు. లారీ వాళ్లు ఒట్టి కాళ్లతోనే నడుపుతారు. స్టీరింగ్‌కు చెయ్యి ఆనించి కళ్లకద్దుకున్నాడు. బ్రేకు తొక్కి, "హ్యాండ్ బ్రేకు ఇడువు," అన్నాడు. విడిచాను.

"రాయి ఉంది, భయం లేదు," అంది అక్క వెనక నుంచి.

ఆటో కదిలింది. బావ కాలు తీశాడు, పెట్టాడు. కారు ముందుకు పోయింది. వెనక రాయి ఉన్న చోటే ఉంది, అక్క ఉన్న చోటే ఉంది.

"ఓ, నేను ఎక్కలే," అని ఆమె కేక వినపడింది.

"ఇప్పుడు ఆపలేను," అన్నాడు బావ అద్దంలోకి చూస్తూ. "నడిసి రమ్మను."

అసలు పరీక్ష చివరి మలుపు దగ్గర వచ్చింది. అదే ఆటో మళ్లీ ఆగింది. ఇప్పుడు వెనక రాయి లేదు, రాయి పెట్టే మనిషి లేదు. ఎత్తు మొదటిదానికంటే ఎక్కువ. బావ బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి అలవాటుగా హ్యాండ్ బ్రేకు మీదికి పోయి, దాన్ని ముట్టుకొని, వెనక్కి వచ్చి గేరు మీద ఆగింది. నుదుటి మీద చెమట చూశాను. నేను నోరు తెరిచాను.

"ముచ్చట పెట్టకు," అన్నాడు.

నోరు మూసుకున్నాను. ఆటో కదిలింది. బావ కాలు లేచింది. లోలోపల ఒకటి అనుకున్నాను. రెండు అనే అవసరం రాలేదు. కారు అప్పటికే ఎక్కుతోంది, వెంట్రుక వాసి కూడా వెనక్కి పోకుండా, ధాన్యం లారీలాగా నిదానంగా. నేను వంతెన మీద ఎన్నిసార్లు చేసినా అంత సాఫీగా చేయలేదు. పుస్తకం చదివింది నేనే కానీ ఆ కాలు ఆయనది.

పైన గేరులో ఆపి, "లాగు," అన్నాడు. హ్యాండ్ బ్రేకు నేను లాగాను.

గుడి ముందు కాయలమ్మే ముసలాయనకు బావ పాత పరిచయం. కాయ చేతికిచ్చే ముందు ఆయన ఒక మాట అడుగుతాడు, అందరినీ అదే అడుగుతాడు.

"సైదులూ, రెండేండ్లాయె గద. బండి ఎవరెక్కిచ్చిండ్రు?"

"నేనే," అన్నాడు బావ. తర్వాత నా వైపు తల ఊపాడు. "ఈమె చదివింది. నేను ఎక్కిచ్చిన."

ఇరవై ఏళ్లు గ్రంథాలయంలో కూర్చున్నాను. నా చదువు గురించి నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఇంకొకరు నా పక్కన నిలబడి, కొబ్బరికాయల దుకాణం ముందు చెప్పడం అదే మొదలు.

అక్క అప్పుడే వచ్చింది. రాయి బిందెలా నడుముకు పెట్టుకొని, చెమటతో.

"మొగుడు బండెక్కిచ్చిండు, పెండ్లాం రాయెక్కిచ్చింది," అంది. "నాకూ ఒక కాయ ఇయ్యమను."

బావ ఆ రాయిని అందుకొని ముందు చక్రం ఎదురుగా పెట్టాడు. దాని మీదే కాయ కొట్టాడు. ఒకే దెబ్బ, రెండు చెక్కలు. ఒకటి అక్కకు, ఒకటి నాకు. ఆయన చేతిలో నీళ్లు మాత్రమే మిగిలాయి. తాగాడు.

సూర్యాపేట: చాయ్

గుట్ట దింపింది, సూర్యాపేట చేర్చింది బావే. బస్టాండు పక్కన చాయ్ తాగాం, పదిహేను రూపాయలు. అనుకున్న ప్రకారం ఇక్కడ నేను స్టీరింగ్ తీసుకొని మిర్యాలగూడ పోవాలి. వాళ్లిద్దరూ కోదాడ బస్సు ఎక్కాలి. అక్క కారులోంచి తీసుకున్న రాయిని బెంచీ పక్కన పెట్టి, బస్సు ఎప్పుడుందో కనుక్కోవడానికి లేచింది.

బావ గ్లాసు అడుగున ఉన్న చాయ్‌ని గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. తాళంచెవి ఇంకా ఆయన జేబులోనే ఉంది.

"మర్దలా, మీ ఊరి రైలు బ్రిడ్జి ఎత్తు బాగుంటదా?"

"బాగనే ఉంటది బావా."

"సాయంత్రం జామ్ అయితదా?"

"రోజూ అయితది. నడుమల ఆగాల్సిందే. ఎనక లారీలు."

ఆయన గ్లాసు పెట్టి లేచాడు.

"ఓ యాదమ్మా, బస్సు అడుగకు. రాయి తీస్కొని రా."